బ్యుటిరిల్ కోలినెస్టరేజు జన్యువు

బ్యుటిరిల్ కోలినెస్టరేజు అను ఎంజైమును నిర్మించుటకు వలయు ఆదేశమును వహించు మానవజన్యువునకు బి.సి.హెచ్.ఇ. అనునది శాస్త్రజ్ఞులు పెట్టిన సంకేతము. ఇది 3వ క్రోమోసోము యొక్క దీర్ఘభుజముపై నున్నది. దీని ఆదేశమున పుట్టు మాంసకృత్తు ప్రధానముగ కాలేయమున తయారై రక్తమున చేరి, దేహమున సహజముగ నుండు కొన్ని ఎస్టరులను, వెలుపలినుండి వచ్చు కొన్ని మందులను, విషములను ఛేదించుచుండును. ఈ జన్యువున లోపము గలవారు నిత్యజీవితమున ఏ బాధయు నెఱుగక ఆరోగ్యవంతులుగనే యుందురు; కాని శస్త్రచికిత్సా సమయమున ఒకానొక మందు వారి రక్తమున ప్రవేశించినచో, అంతవఱకు నిరపాయముగ నున్న ఆ లోపమే వారి ఊపిరిని గంటలకొలది స్తంభింపజేయును. జన్యులోపము వేఱు, వ్యాధి వేఱు; ఆ రెంటిని కలుపునది సందర్భము. ఈ సత్యమును ఇంత విస్పష్టముగ చాటు జన్యువులు వైద్యశాస్త్రమున మిక్కిలి అరుదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో అధికముగ నివసించు ఆర్యవైశ్యులలో ఈ లోపము ఇతరులకంటె ఎన్నో రెట్లు హెచ్చుగ కనబడుటచేత, దీనిని గూర్చిన పరిజ్ఞానము తెలుగువారికి ప్రత్యేకముగ ఉపయోగకరమైనది.

చరిత్ర

నాడీతంతువుల కొనలనుండి వెలువడు ఎసిటైల్ కోలీను అను రసాయనము కండరమునకు ఆజ్ఞ నందజేసిన మఱుక్షణముననే నశింపవలసి యున్నది. నశింపనిచో కండరము కొంతసేపు అదరి, పిమ్మట స్తబ్ధమైపోవును. దీనిని నశింపజేయు ఎంజైము రక్తమున నుండవచ్చునని 1914లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్ ఊహించెను. 1926లో ఒట్టో లోవి, నవ్రాటిల్ అనువారు కప్పగుండెనుండి తీసిన రసమునందు అట్టి శక్తి యున్నట్లు నిరూపించిరి. 1932లో స్టెడ్‌మన్, అతని సహచరులు గుఱ్ఱపు రక్తరసమునుండి ఆ ఎంజైమును గ్రహించి కోలినెస్టరేజు అని నామకరణము చేసిరి. ఎఱ్ఱ రక్తకణములలోని కోలినెస్టరేజును రక్తరసములోని కోలినెస్టరేజును ఒకటి కావని 1940లో అలెస్, హావెస్ అను పరిశోధకులు గుర్తించిన తరువాత, మొదటిది ఎసిటైల్ కోలినెస్టరేజుగను, రెండవది బ్యుటిరిల్ కోలినెస్టరేజుగను క్రమముగ స్థిరపడినవి. మొదటిదాని జన్యువు 7వ క్రోమోసోముపై నున్నది. అనగా ఇవి రెండును సజాతీయములే యయినను వేర్వేఱు జన్యువుల సంతానము.

1987లో ఆక్సానా లాక్‌రిడ్జ్, ఆమె సహచరులు ఈ ఎంజైములోని అమైనో ఆమ్లముల క్రమమును సంపూర్ణముగ ప్రకటించిరి. ఆ సంవత్సరముననే జెరూసలేమున హెర్మోనా సోరెక్ పరిశోధకబృందము దీని జన్యుప్రతిని వేఱుచేసెను. 2003లో స్ఫటికరూపమున దీని త్రిపరిమాణ నిర్మాణము వెల్లడి యయ్యెను.

జన్యునిర్మాణము, మాంసకృత్తు స్వరూపము

ఈ జన్యువున నాలుగు ఎక్సానులు, అనగా తుది సందేశమున నిలుచు భాగములు, కలవు. వానిలో మొదటిది మాంసకృత్తుగ అనువదింపబడదు. రెండవది ఒక్కటియే మాంసకృత్తు నాదేశించు భాగములో ఐదింట నాలుగువంతులకు పైగ వహించును. కణమునుండి వెలుపలికి పోవుటకు దారి చూపు 28 అమైనో ఆమ్లముల సంకేతభాగము ఖండింపబడిన పిమ్మట మిగులు పరిపక్వశృంఖలమున 574 అమైనో ఆమ్లములుండును. దీనికి తొమ్మిది తావుల చక్కెర శృంఖలములు అతుకుకొని, మొత్తము బరువున దాదాపు నాలుగవవంతు వానిదే యగును. ఇట్టి నాలుగు శృంఖలములు కలిసికట్టుగ నేర్పడిన చతుష్కరూపమే రక్తమున ప్రధానముగ సంచరించును. దాని అణుభారము రమారమి 3,40,000. రక్తమున దీని అర్ధాయువు 10 మొదలు 14 దినములు.

ఎంజైము పనిచేయు స్థానము మాంసకృత్తు గర్భమున ఇరుకైన లోయవంటి పల్లము నడుగున నున్నది. అచట 198వ స్థానమందలి సెరీను, 325వ స్థానమందలి గ్లుటామిక్ ఆమ్లము, 438వ స్థానమందలి హిస్టిడీను ఏకమై ఛేదనకార్యమును సాగించును. లోయ అంచున 70వ స్థానమున నున్న ఆస్పార్టిక్ ఆమ్లము తన ఋణవిద్యుదావేశముచేత, ధనావేశము గల కోలీను సంబంధమైన పదార్థముల నాకర్షించి లోనికి పంపును. ఎసిటైల్ కోలినెస్టరేజున లోయ యడుగున ఫినైలాలనీను అను పెద్ద అమైనో ఆమ్లములు ఆక్రమించియున్న రెండు తావులలో ఇచట ల్యూసీను, వాలీను అను చిన్నవి యుండుటవలన స్థలము విశాలమై, బ్యుటిరిల్ కోలీనువంటి పెద్ద అణువులును, అనేకవిధములైన మందులును ఇందు ఇముడగలుగుచున్నవి. ఒక ఎంజైము తన పనికే కట్టుబడియుండగా మఱియొకటి బహుకార్యదక్షమగుటకు ఈ స్వల్పభేదమే ముఖ్యకారణము.

దేహమున దీని పని

ఈ ఎంజైము దేహమునకు ఎందులకు కావలయునను ప్రశ్నకు సమాధానము సులభము కాదు. జన్మతః ఇది బొత్తిగ లేనివారును ఆరోగ్యముగ జీవించుట చూడగా, ప్రాణధారణకు ఇది అత్యవసరము కాదని తేటపడును. ఈ జన్యువును నిర్మూలించిన చుంచులును సాధారణముగ పెరిగి సంతానము కనినవి. అయితే క్రొవ్వు మెండుగ గల ఆహారమును పెట్టినప్పుడు మాత్రము అవి తోటి చుంచులకంటె స్థూలకాయములైనవి. ఆకలిని ప్రేరేపించు గ్రెలిన్ అను హార్మోనునుండి ఈ ఎంజైము ఒక క్రొవ్వు ఆమ్లమును తొలగించి దానిని నిర్వీర్యము చేయునని 2004లో తెలియవచ్చెను. మెదడునందు ఎసిటైల్ కోలినెస్టరేజునకు సహాయకారిగ కొంత పని చేయుచున్నది. దీని పనులలో మనకు విశదముగ తెలిసినది రక్తమున కాపలా కాయుట: సక్సినిల్ కోలీను, మైవక్యూరియము అను కండరశైథిల్యకారులు, ప్రొకేయిన్, టెట్రకేయిన్ అను స్థానిక మత్తుమందులు, కొకేయిన్ మొదలగునవి రక్తమున ప్రవేశించినంతనే ఈ ఎంజైము వానిని ఛేదింప నారంభించును.

సక్సినిల్ కోలీను, ఊపిరి స్తంభనము

శస్త్రచికిత్సకై నిద్రపుచ్చిన రోగి శ్వాసనాళములోనికి గొట్టమును పంపవలసినప్పుడు దవడలు, కంఠకండరములు పూర్తిగ సడలవలెను. ఆ పని త్వరగ జరుగవలసిన అత్యవసర సమయములలోను, మానసికరోగులకు విద్యుచ్చికిత్స చేయునప్పుడును వైద్యులు సక్సినిల్ కోలీనును వాడుదురు. 1906లోనే ఈ రసాయనమును జంతువులపై పరీక్షించిన హంట్, టావో అను శాస్త్రజ్ఞులు, ఆ జంతువులకు ముందుగనే క్యురారే అను మఱియొక స్తంభకద్రవ్యము నిచ్చియుండుటచేత, దీని కండరస్తంభనశక్తిని కనుగొనలేకపోయిరి. ఆ శక్తి వెల్లడియై, 1951 ప్రాంతమున ఐరోపాలో ఈ మందు చికిత్సలో ప్రవేశించుటకు దాదాపు అర్ధశతాబ్ది పట్టెను.

నిర్మాణమున ఇది రెండు ఎసిటైల్ కోలీను అణువులు జోడింపబడినట్టిది. సిరలోనికి ఎక్కించిన ఒక నిమిషములోపలనే దేహమంతటను కండరములు సన్నగ అదరి, అటుపిమ్మట వాలిపోవును. ఊపిరి నిలుచును. వైద్యుడు గొట్టమును అమర్చి శ్వాస నందించుచుండగా, 5 మొదలు 10 నిమిషములలో మందు ప్రభావము తొలగి రోగి తనంతట తాను ఊపిరి పీల్చుకొనును. ఇచ్చిన మందులో అధికభాగమును బ్యుటిరిల్ కోలినెస్టరేజు రక్తముననే ఛేదించి, అత్యల్పభాగమును మాత్రమే నాడీకండరసంధులను చేరనిచ్చుటయే ఈ శీఘ్రవిమోచనమునకు కారణము. ఎంజైము లోపించినవానిలో మందు అంతయు అక్షతముగ సంధులను చేరి, అచటనే తిష్ఠ వేయును. పది నిమిషములు గడచును, అరగంట గడచును, రోగి వ్రేలు కూడ కదల్పడు. ఇట్టి తరుణమున వైద్యుడు చేయవలసినది తొందరపడక, కృత్రిమశ్వాసను అవిచ్ఛిన్నముగ సాగించుట, కదలలేని రోగికి స్పృహ రాకుండ నిద్రమందును కొనసాగించుట. ఆ రెండును జరిగినచో ఎన్ని గంటలు పట్టినను రోగి నిరపాయముగ లేచి కూర్చుండును. ప్రమాదమంతయు ఈ సంగతి తెలియక, రోగికి శక్తి వచ్చినదని తలచి శ్వాసగొట్టమును ముందుగ తీసివేయుటలోనే యున్నది.

డైబుకేయిన్ సంఖ్య

1950వ దశకమున ఇట్టి రోగులను పరిశీలించిన వైద్యులు, వారి ఎంజైము పరిమాణమున తగ్గినదా లేక గుణముననే మాఱినదా అని విచారింపదొడగిరి. టొరంటోలో వెర్నర్ కాలో, అతని సహచరుడు జెనెస్ట్ 1957లో ఒక సులభమైన పరీక్షను రూపొందించిరి. డైబుకేయిన్ అను మత్తుమందును నియతపరిమాణమున రక్తరసమునకు చేర్చినప్పుడు ఎంజైము పని నూటికి ఎంత వంతు అణగిపోవునో ఆ అంకెకే డైబుకేయిన్ సంఖ్య యని పేరు. సాధారణులలో ఈ సంఖ్య 80 ప్రాంతమున నుండును. విలక్షణమైన ఎంజైమును తల్లిదండ్రు లిరువురినుండియు పొందినవారిలో 20 ప్రాంతమున, ఒకరినుండి మాత్రమే పొందినవారిలో 60 ప్రాంతమున నుండును. కుటుంబముల రక్తమును ఈ విధముగ పరీక్షించి, ఈ గుణము మెండెల్ సూత్రముల ననుసరించియే సంక్రమించుచున్నదని కాలో నిరూపించెను. ఒకే మందు ఒకనికి అమృతమై వేఱొకనికి విషమగుటకు జన్మతః వచ్చిన కారణము లుండవచ్చునను భావము శాస్త్రీయమైన ప్రమాణముపై నిలుచుటకు ఈ పరిశోధన మూలస్తంభములలో నొకటి. 1962లో కాలో ఈ విషయముపై వ్రాసిన గ్రంథము ఔషధజన్యుశాస్త్రమునకు తొలిగ్రంథముగ పరిగణింపబడుచున్నది.

భిన్నరూపములు

1989లో ఈ విలక్షణరూపముయొక్క మూలము అణుస్థాయిలో తెలిసినది. లోయ అంచున 70వ స్థానమున ఉండవలసిన ఆస్పార్టిక్ ఆమ్లమునకు బదులు గ్లైసీను వచ్చుటచేత ఋణావేశము పోయి, సక్సినిల్ కోలీనును లోనికి రప్పించుశక్తి నశించుచున్నది. ఐరోపాసంతతివారిలో సుమారు 3,000 మందికి ఒకడు ఈ రూపమును ఇరుప్రక్కలనుండి పొందియుండును. 539వ స్థానమున అలనీనునకు బదులు థ్రియోనీను గల రూపమును కాలో గౌరవార్థము కె-రూపమందురు. ఇది అన్నింటికంటె విరివిగ కనబడును గాని, రక్తమున ఎంజైము పనిని మూడవవంతు మాత్రమే తగ్గించును. 497వ స్థానమున మార్పు గల జె-రూపము మూడింట రెండువంతులు తగ్గించును. ఎంజైము పనియే బొత్తిగ కనబడని మూకరూపములు 1962నుండి తెలియవచ్చి, నేటికి అనేకము గుర్తింపబడినవి. లోపము తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించిననే తీవ్రత కలుగును; ఒకరినుండి మాత్రమే సంక్రమించినవారిలో మందు ప్రభావము స్వల్పముగ దీర్ఘమగుట తప్ప వేఱు బాధ యుండదు.

ఆర్యవైశ్యులలో ఈ లోపము

ఆంధ్రప్రదేశమునందలి వైశ్యులలో మూకరూపము మిక్కిలి హెచ్చుగ నున్నట్లు 1979లోనే ఒక శాస్త్రపత్రికయందు ప్రకటింపబడెను. తరువాత లాక్‌రిడ్జ్ మొదలగువారు భారతీయ పరిశోధకులతో కలిసి చేసిన పరిశోధనమున, ఈ సమాజమువారిలో కనబడు లోపమునకు 307వ స్థానమున ల్యూసీనునకు బదులు ప్రోలీను వచ్చుట కారణమని 2006లో వెల్లడి యయ్యెను. ఈ మార్పు గల మాంసకృత్తు సుస్థిరముగ నిలువదు గనుక రక్తమున దాని జాడయే కనబడదు. ఈ లోపము వైశ్యులలో ఇతర సమూహములకంటె సుమారు నూఱు రెట్లు అధికమని అంచనా.

ఇట్లేల జరిగెను? ఒక సమాజము ఏనాడో కొద్దిమంది పూర్వులతో ప్రారంభమై, తరతరములుగ తనలో తానే వివాహసంబంధములు జరుపుకొన్నచో, ఆ పూర్వులలో ఒకనియందు యాదృచ్ఛికముగ నుండిన జన్యుభేదము వేలమంది వారసులలో విస్తరించును. దీనిని మూలపురుషప్రభావము అనవచ్చును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర పరిశోధనాసంస్థకు చెందిన శాస్త్రజ్ఞుడు కుమారసామి తంగరాజ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు డేవిడ్ రైక్, వారి సహచరులు దక్షిణాసియాలోని 263 సమూహముల జన్యుసామగ్రిని పరిశీలించి 2017లో ప్రకటించిన వ్యాసమున, 81 సమూహములయందు ఈ ప్రభావము ఫిన్లాండు దేశీయులయందును, అష్కెనాజీ యూదులయందును ఉన్నదానికంటె బలవత్తరముగ నున్నదని తేల్చిరి. వానిలో పదిలక్షలకు మించిన జనసంఖ్య గలవి 14. వైశ్యసమాజము అట్టివానిలో నొకటి. మేనరికములను మానుకొన్నంతమాత్రమున ఈ ప్రభావము తొలగదు; వధూవరులకు దగ్గఱి చుట్టరికము లేకున్నను, గోత్రములు వేఱైనను, దూరపు పూర్వుడు ఒక్కడే కావచ్చును గదా.

ఇచట ఒక విషయమును నిస్సంశయముగ చెప్పవలసి యున్నది. ఇది ఒక సమాజముయొక్క దోషము కాదు, రోగమును కాదు. ప్రతి సమాజమునందును ఇట్టి జన్యువిశేషము ఏదో ఒకటి యుండును. ఇది పరిశోధింపబడి వెలుగులోనికి వచ్చినది, అంతియే. లోపము గలవారు వివాహమునకుగాని సంతానమునకుగాని ఏమాత్రమును అనర్హులు కారు. వారికి కావలసినది చికిత్స కాదు, ఎఱుక.

పురుగుమందులు, యుద్ధవిషములు

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందులును, సారిన్ వంటి యుద్ధవిషములును కోలినెస్టరేజులయందలి సెరీనుకు అంటుకొని వాని పనిని నిలిపివేయును. ఒక్కొక్క విషపుటణువును పట్టుకొనుటలో ఒక్కొక్క బ్యుటిరిల్ కోలినెస్టరేజు అణుస్థానము తాను బలియగును. ఆ మేరకు నాడులయందలి ఎసిటైల్ కోలినెస్టరేజు కాపాడబడును. ఈ గుణమును బట్టియే దాతల రక్తమునుండి శుద్ధిచేసిన ఈ ఎంజైమును యుద్ధవిషములకు విరుగుడుగ సిద్ధపరచు ప్రయత్నములు జరిగినవి; మేకపాలలో దీనిని ఉత్పత్తి చేయు పద్ధతి సైతము 2007లో ప్రకటింపబడెను. 1991 గల్ఫుయుద్ధ కాలమున విషరక్షణకై పైరిడోస్టిగ్మిన్ మాత్రలు పుచ్చుకొన్న ఒక ఇజ్రాయేలు సైనికుడు తీవ్రమైన బాధకు గురికాగా, అతడు విలక్షణరూపమును ఇరుప్రక్కలనుండి పొందినవాడని పరీక్షలో తేలెను.

తెలుగునాట ఈ విషయమునకు మఱియొక ప్రాముఖ్యము గలదు. గుంటూరు, వరంగల్లు మున్నగు పత్తిసీమలలో పురుగుమందు సోకి ఆసుపత్రికి వచ్చినవారి రక్తమున కోలినెస్టరేజును కొలుచుట పరిపాటి. కంటిపాపలు సూదిమొనవలె కుంచించుకొనిపోయి, చొంగ, చెమట ధారగ కాఱుచు, కండరములు అదరుచున్న రోగియందు ఆ అంకె పడిపోవుట విషప్రభావమునకు సాక్ష్యము. కాని లక్షణము లేవియు లేని మనుష్యునిలో అదే అంకె శూన్యమునకు చేరువలో నున్నచో, అది జన్మతః వచ్చిన లోపము కావచ్చును. కాలేయవ్యాధి, పోషకాహారలోపము, గర్భధారణము సైతము కొంత తగ్గింపగలవు. విషమువలన తగ్గినది కొన్ని వారములలో క్రొత్త ఎంజైము తయారగుటచేత యథాస్థితికి వచ్చును. జన్యువువలన తగ్గినది ఎన్నటికిని మాఱదు. కావున కొంతకాలమునకు పరీక్షను మఱల చేయించుట, ఎఱ్ఱకణములలోని ఎసిటైల్ కోలినెస్టరేజును కూడ కొలిపించుట ఈ సందేహమును తీర్చును.

అల్జైమర్ వ్యాధి

వార్ధక్యమున జ్ఞాపకశక్తిని హరించు అల్జైమర్ వ్యాధికిని ఈ జన్యువునకును సంబంధము కలదా యను చర్చ ఇంకను కొనసాగుచున్నది. ఈ రోగుల మెదడున ఎసిటైల్ కోలినెస్టరేజు తగ్గి, బ్యుటిరిల్ కోలినెస్టరేజు పెరుగునని 1978లో గమనింపబడెను; వ్యాధికి గుర్తయిన అమైలాయిడు పలకలయందును ఈ ఎంజైము చేరియుండుట కనబడెను. 1997లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు, 19వ క్రోమోసోముపై నుండు ఎపోఇ జన్యువుయొక్క ఇ4 రూపముతోపాటు కె-రూపము కూడ గల వృద్ధులలో ఈ వ్యాధి హెచ్చుగ నున్నదని ప్రకటించిరి. పిమ్మట జరిగిన అధ్యయనములలో కొన్ని దీనిని సమర్థించినవి, కొన్ని నిరాకరించినవి. 2014లో మెదడునందలి అమైలాయిడును చిత్రించి, జన్యుసమగ్రముతో సరిపోల్చిన ఒక పరిశోధనమున, ఎపోఇతోపాటు ఈ జన్యువు చేరువనున్న ఒక భేదమునకును అమైలాయిడు నిల్వతో సంబంధము కనబడెను. వ్యాధి చికిత్సలో వాడు డొనెపెజిల్ ప్రధానముగ ఎసిటైల్ కోలినెస్టరేజునే అణచగా, రివాస్టిగ్మిన్ రెంటిని అణచును. కె-రూపము గలవాడు భయపడుటకు వీనివలన ఆధారము లేదు. సంబంధము వేఱు, హేతుత్వము వేఱు.

స్థూలకాయము, మధుమేహము

స్థూలకాయులలోను, రక్తమున క్రొవ్వు హెచ్చుగ నున్నవారిలోను, రెండవరకపు మధుమేహరోగులలోను ఈ ఎంజైము పని సగటున హెచ్చుగ నుండును. ఇది వ్యాధికి కారణమో, వ్యాధికి ఫలమో నిర్ధారితము కాలేదు. కాలేయము గట్టిపడు సిరోసిస్ వ్యాధియందు ఎంజైము తగ్గుట మాత్రము స్పష్టముగ వ్యాధిఫలమే. అందుచేతనే వైద్యులు దీనిని కాలేయము ఎంతవఱకు మాంసకృత్తులను నిర్మింపగలుగుచున్నదో తెలియజేయు కొలమానములలో నొకటిగ గ్రహింతురు.

పరీక్ష, జాగ్రత్తలు

రక్తమున ఎంజైము పనిని కొలుచుట, అవసరమైనచో డైబుకేయిన్ సంఖ్యను గణించుట, జన్యుక్రమమును చదువుట అను మూడంచెలలో ఈ లోపమును నిశ్చయింపవచ్చును. మొదటి పరీక్ష సామాన్యమైన ప్రయోగశాలలలోను సాధ్యమే. తల్లిదండ్రు లిరువురును లోపము గల జన్యుప్రతిని ఒక్కొక్కటి వహించినచో, పుట్టు ప్రతి బిడ్డకును లోపము సంపూర్ణముగ కలుగుటకు నాలుగింట ఒకవంతు అవకాశమున్నది. కావున ఒకరిలో ఇది బయటపడినప్పుడు అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను తప్పక పరీక్షింపవలెను. లోపమున్నదని తెలిసినవాడు ఆ సంగతిని ఒక చీటిపై వ్రాయించుకొని దగ్గఱ నుంచుకొనుట, ఆసుపత్రిలో చేరినప్పుడెల్ల మత్తుమందు వైద్యునకు ముందుగ తెలుపుట ధర్మము. అట్టివానికి సక్సినిల్ కోలీను, మైవక్యూరియములను విడిచి, ఈ ఎంజైముతో నిమిత్తము లేని రోక్యురోనియము వంటి మందును వాడవచ్చును. సుగమడెక్స్ అను విరుగుడుతో దాని ప్రభావమును కోరినప్పుడు తొలగింపవచ్చును.

మత్తుమందు వైద్యుడు సైతము శస్త్రచికిత్సకు ముందు, ఇంటిలో ఎవరికైన ఆపరేషను తరువాత ఊపిరి రావడము ఆలస్యమైనదా, యంత్రముపై నుంచవలసి వచ్చినదా యని అడిగి తెలిసికొనవలెను. జన్యువును మార్చు చికిత్సలకై ప్రపంచము కోట్లకొలది ధనమును వెచ్చించుచున్న ఈ కాలమున, ఈ జన్యువు విషయమున మాత్రము ప్రాణమును కాపాడుటకు ముందుగ వేసిన ఒక ప్రశ్నయు, దానికి ఇంటివారు దాచక చెప్పిన సమాధానమును చాలును.